మా 1970 చాలెంజర్ ఫెండర్ ట్యాగ్ చదివిన కథ: నా అనుభవం

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి అరగంట దూరం. ఇక్కడ ప్రతి ఆగస్టులో వుడ్‌వార్డ్ రోడ్డు మీద పాత కార్ల జాతర జరుగుతుంది, డ్రీమ్ క్రూజ్ అంటారు. నేను వచ్చిన మొదటి ఏడాదే వెళ్లి చూశా, అప్పట్నుంచి 1970 డాడ్జ్ చాలెంజర్ అంటే ప్రాణం. పదకొండేళ్లు కొంచెం కొంచెం డబ్బులు పక్కన పెడుతూ వచ్చి, చివరికి పోయినేడు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి చూడ్డానికి వెళ్లా. ఆరెంజ్ రంగు, ఆర్/టీ బ్యాడ్జీ (ఆర్/టీ అంటే చాలెంజర్‌లో ఎక్కువ పవరున్న రకం), హుడ్ ఎత్తితే 440 ఇంజన్, అంటే 440 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్. అమ్మే పెద్దాయన ఇది ఒరిజినల్ ఆర్/టీనే అన్నాడు, ధర కూడా ఆర్/టీ ధరే చెప్పాడు.

అక్కడే అడ్వాన్స్ ఇచ్చేసేవాణ్ణే. మా బావమరిదికి ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేసి "బావా, బ్యాడ్జీ ఎవడైనా కొని అతికిస్తాడు, ముందు నంబర్లు చూడు" అన్నాడు. ఆ మాట వినడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది.

రెండోసారి టార్చి, నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకుని వెళ్లా. మొదట డాష్‌బోర్డ్ మీద విన్ నంబర్, అంటే ఒక్కో కారుకి ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు నంబర్, డ్రైవర్ వైపు అద్దంలోంచి కనపడుతుంది. ఇప్పటి కార్లకి 17 అక్షరాలుంటాయి కానీ అది 1981 నుంచి వచ్చిన పద్ధతి, ఈ కారుకి 13 మాత్రమే. మొదటి ఏడూ జె, హెచ్, 23, జి, 0, బి. జె అంటే చాలెంజర్, 23 అంటే రెండు డోర్ల హార్డ్‌టాప్, 0 అంటే 1970 మోడల్, బి అంటే హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ, అంటే మా ఇంటికి దగ్గర్లోనే ఉండిన డాడ్జ్ మెయిన్. అసలు తేడా రెండో అక్షరంలో ఉంది, ఆర్/టీ అయితే అక్కడ ఎస్ ఉండాలి, దీనికి హెచ్ ఉంది, అంటే మామూలు చాలెంజర్. ఐదో అక్షరం ఇంజన్‌ది, 440 మ్యాగ్నమ్‌కి యు రావాలి, ఇక్కడ జి ఉంది, జి అంటే చిన్నదైన 318 ఇంజన్. ఒకటి 375 హార్స్‌పవర్, ఇంకోటి 230. అద్దం ముందు వంగి ఆ హెచ్ వంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు, గుండె జారిపోయింది.

అయినా పూర్తిగా తెలుసుకుని తీరాలనిపించింది. ఈ కార్లకి హుడ్ కింద డ్రైవర్ వైపు ఇన్నర్ ఫెండర్ (ముందు చక్రం పైన లోపలి రేకు) మీద చిన్న రేకు ముక్క ఉంటుంది, రెండు స్క్రూలతో బిగించి, అదే ఫెండర్ ట్యాగ్. ఫ్యాక్టరీలో ఆ కారుకి ఏమేం పెట్టాలో దాని మీద కోడ్‌లుగా కొట్టేవాళ్లు. ఈ కారు ట్యాగ్ మీద ఎవరో ఆరెంజ్ పెయింట్ మందంగా కొట్టేశారు, అక్షరాలు కంటికి ఆనవు, ఫొటో తీసినా తెలీట్లేదు. గీకడానికి చెయ్యి రాలేదు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే బొమ్మ దిగేది గుర్తుందా, అచ్చం అలాగే నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి ట్యాగ్ మీద పెట్టి పెన్సిల్ పడుకోబెట్టి మెల్లగా రుద్దా. ఒక్కో అక్షరం తెల్లగా తేలుతూ వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నా.

ఇంటికొచ్చి టేబుల్ మీద పెట్టుకుని పైనుంచి చదవడం మొదలుపెడితే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈ ట్యాగ్‌ని కింది వరస నుంచి పైకి చదవాలి, వరసలో మాత్రం ఎడమ నుంచి కుడికే. ఈ సంగతి తెలియక రెండు గంటలు పోయాయి, మీరు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి చాలు. కింది వరసలో ఇ44, డి31, తర్వాత విన్ నంబర్. ఇ44 అంటే 318 ఇంజన్, డి31 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాని పై వరసలో మొదటిది రంగు, ఎఫ్ఎఫ్4, అంటే లేత ఆకుపచ్చ మెటాలిక్. కారేమో ఆరెంజ్! అదే వరసలో బి05 అని ఉంది, అది తయారీకి అనుకున్న తేదీ. 1 నుంచి 9 దాకా నెలలు అంకెల్లోనే, అక్టోబర్‌కి ఎ, నవంబర్‌కి బి, డిసెంబర్‌కి సి. విన్‌లో బి ఫ్యాక్టరీ, ఇక్కడ బి నవంబర్, రెండూ కలిపేసుకోవద్దు. 1970 మోడల్ కాబట్టి అది 1969 నవంబర్ 5, క్యాలెండర్ చూస్తే బుధవారం.

పై వరసల్లో వి1ఎక్స్, అంటే నల్ల వినైల్ టాప్, కారు పైకప్పు మీద అతికించే తోలులాంటి పొర. హెచ్51, అంటే ఏసీ. 26, అంటే 26 అంగుళాల రేడియేటర్. ఆర్11, రేడియో. ఇప్పుడు కారుకి వినైల్ టాప్ లేదు, ఏసీ అసలే లేదు. 440 పెట్టేటప్పుడు తీసి పారేసుంటారు. ఆ రాత్రి నాకు కారు వేరేగా కనపడటం మొదలైంది, ఇది రేసులకి కొన్న కారు కాదు, ఎవరో హాయిగా ఏసీ వేసుకుని ఆఫీసుకి వెళ్లడానికి కొనుక్కున్న ఆకుపచ్చ కారు.

ట్యాగ్‌ని కూడా గుడ్డిగా నమ్మకూడదు, కొత్తగా కొట్టించిన ట్యాగ్‌లు దొరుకుతాయి. అందుకే మూడోసారి వెళ్లినప్పుడు రేడియేటర్ పైన అడ్డంగా ఉండే రేకు మీద కొట్టిన నంబర్ కూడా చూశా. అక్కడ విన్‌లో చివరి 8 మాత్రమే ఉంటాయి కాబట్టి ఆర్/టీనా కాదా అది చెప్పదు, కానీ ఆ ఎనిమిదీ డాష్‌తోనూ ట్యాగ్‌తోనూ కలవాలి. కలిశాయి. ఇంజన్ బ్లాక్ మీద పక్కన కింద కొట్టిన నంబర్ మాత్రం 2తో మొదలైంది, అంటే 1972 కారులోంచి తెచ్చిన ఇంజన్. పెద్దాయన్ని అడిగి వెనక సీటు లేపాం, స్ప్రింగుల్లో ఎలుకలు సగం తినేసిన కాగితం ఇరుక్కుని ఉంది, బ్రాడ్‌కాస్ట్ షీట్, లైన్‌లో పనివాళ్లు చూసుకునే కాగితం. ముట్టుకుంటే పొడైపోయేలా ఉంది. మిగిలిన ముక్కలో రంగు, ఇంజన్ కోడ్‌లు కనపడ్డాయి, ఎఫ్ఎఫ్4, ఇ44.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనా ముప్పయ్యేళ్ల కిందట ఆర్/టీ అనుకునే కొన్నాడట. నన్ను మోసం చేయాలని చెప్పిన మాట కాదది, ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి ధర మూడో వంతు తగ్గించాడు, నేను కొనేశా.

ఫ్రెండ్సందరూ ఆరెంజ్ బాగుంది, బ్యాడ్జీ ఉంచెయ్, ఎవరడుగుతారు అంటున్నారు. నేనడుగుతా కదా. బ్యాడ్జీలు ఆ శనివారమే తీసేశా. తర్వాత ట్యాగ్ స్క్రూలు రెండూ జాగ్రత్తగా విప్పితే, దాని కింద ఆరెంజ్ పడని చోట, ట్యాగ్ సైజులోనే లేత ఆకుపచ్చ, ఎండలో పెడితే మెరుస్తోంది. పెయింట్ షాపతన్ని ఇంటికే పిలిచి చూపించా, ఆ ముక్కకి మ్యాచ్ చేసి కలుపుతానన్నాడు. ఏసీ పార్ట్స్ ఇంకా వెతుకుతున్నా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.