చుక్కలు ఎటు పోతున్నాయి?

గ్లాసులో నీళ్లు పోస్తుంటే నాకు ధార కనిపించేది కాదు. చూస్తే గ్లాసు ఖాళీ. మళ్లీ చూస్తే నీళ్లు బల్లమీద. మధ్యలో నిండటమన్నదే లేదు.

అంతకు ముందు మెదడు సిరలో రక్తం గడ్డకట్టి ఆస్పత్రిలో ఉన్నాను. తలనొప్పి, వాంతులు, ఒకసారి ఫిట్స్. రక్తం పలచబరిచే మందులతో అవి తగ్గాయి. ఇంటికొచ్చాక ఇది బయటపడింది. కంటి డాక్టరు చార్టు చదివించారు. ఆఖరి వరుస దాకా గడగడా చదివేశాను. "చూపు బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నారు. నిజమే, కదలనిదేదైనా నాకు శుభ్రంగా కనిపిస్తుంది!

రోడ్డు దాటాలంటే హడలు. దూరాన ఉన్న కారు రెప్పపాటులో పక్కనుండేది. కళ్లను నమ్మడం మానేసి, ఇంజిన్ చప్పుడు పెరుగుతోందా తగ్గుతోందా అని విని అడుగేసేదాన్ని. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ముఖం చూడలేకపోయేదాన్ని. మాట వినిపిస్తోంది, పెదవులేమో బొమ్మలా ఆగిపోయి ఉన్నాయి.

చివరికి ఒక న్యూరాలజిస్టు చీకటి గదిలో తెర ముందు కూర్చోబెట్టారు. తెరనిండా చుక్కలు. కొన్ని ఒకే దిక్కుకు పోతాయి, మిగతావి ఇష్టమొచ్చినట్టు చెదురుతాయి. కుడికా, ఎడమకా చెప్పాలి. ఏదో ఒక చుక్క వెంట పడితే జవాబు దొరకదు, గుంపు కదలికను పట్టాలి. కిటుకంతా అందులోనే ఉంది. మామూలుగా వందలో పదో పరకో కలిసి కదిలినా చెప్పేస్తారట. నాకు డెబ్బై కావలసొచ్చాయి.

స్కాన్‌లో దెబ్బ తల వెనక, రెండు పక్కలా కనిపించింది. అక్కడ వి5 అనే చిన్న భాగం ఉంటుంది, ఎమ్‌టి అని కూడా అంటారు. కదలికను పసిగట్టే పని ముఖ్యంగా దానిదే. రంగులూ ముఖాలూ గుర్తించే దారి మెదడులో కిందుగా పోతుంది కాబట్టి అవి నాకు మిగిలాయి. నా జబ్బు పేరు ఎకినెటాప్సియా, అంటే కదలిక కనిపించకపోవడం. 1983లో జోసెఫ్ జీల్ అనే పరిశోధకుడు, మరో ఇద్దరు జర్మనీలో ఇలాంటి ఒకావిడ గురించి రాశారు. ఆమెకీ సిరలో గడ్డే. పోస్తున్న టీ గడ్డకట్టినట్టు కనిపించేదట. అది విని అక్కడే ఏడ్చేశాను. పిచ్చి కాదన్నమాట.

ఆవిడకు తగ్గలేదు. నాకు ఒక పక్క దెబ్బ తక్కువ. ఆరు నెలలకు డెబ్బై కాస్తా ముప్పై అయింది. ఇప్పుడు ధార కనిపిస్తోంది, కాస్త తెగుతూ తెగుతూ. జనంలో మాత్రం ఇంకా గోడవారగానే నడుస్తాను. నీళ్లు పోసేటప్పుడు వేలు గ్లాసు అంచు లోపలికి పెట్టుకునే ఉంటాను.