30కి 13

ఈ ఆదివారం లెక్క ఇది: 30 బల్లెం పోట్లు పొడిస్తే కొమ్మకు కట్టిన చేతిగాజులోంచి 13 దూరాయి. నాలుగు వారాల కిందట 4 దూరేవి. మెరుగే కదా అంటారు. కానీ మధ్యలో ఒక బుధవారం 26 వచ్చాయి. నా ఒళ్లు మండేది అందుకే.

మిగతా సంగతులు ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: చిన్న బాజీ (నేను నేర్చుకునే చైనా యుద్ధవిద్య బాజీలో ఒక వరస) మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వచ్చేసింది, గురువుగారు తల ఊపారు. ఇక బల్లెం.

లాన్, ‘నా’, జా. బయటికి తిప్పు, లోపలికి తిప్పు, పొడువు. (‘నా’ అంటే ఇక్కడ నాది అని కాదు. ఇంట్లో ‘నా కుదిరింది’ అంటే మా ఆవిడ ‘నీ ఏం కుదిరింది?’ అంటుంది.) మొదటి రెండూ పర్వాలేదు. మొన గీసే సున్నా మొదట్లో బండి చక్రమంత ఉండేది, ఇప్పుడు టిఫిన్ ప్లేటంత అయింది. చెడేది జా దగ్గరే. ముప్పాతిక దూరం వరకు మొన బుద్ధిగా వెళుతుంది. చివర్లో ఒక్కసారి తల వంచి, వెంటనే పైకి ఎగురుతుంది. ఎదుటివాడికి నమస్కారం పెట్టినట్టు.

గాజు సంగతి. మా ఆవిడ ప్లాస్టిక్ గాజు, టూ ఎయిట్ సైజు, లోపల 6.35 సెంటీమీటర్లు. పగిలితే డజను కొనివ్వాలన్న షరతు మీద ఇచ్చింది. నేల నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తున కొమ్మకు కట్టాను. పైన రెండు దారాలు, కింద ఒక దారం ఇటుకకి. ఎందుకంటే మేముండేది షిన్‌జులో. తైవాన్‌లో దీన్ని గాలుల ఊరనే అంటారు. ఈశాన్యపు గాలి మొదలైతే చలికాలమంతా వదలదు, ఒంటిదారపు గాజు గిరగిరా తిరుగుతుంది. అంతకుముందు నిమ్మకాయ కట్టాను. ల్యాబ్‌లో తెలుగు కుర్రాడొకడు చూసి ‘ఎవరికి దిష్టి తీస్తున్నావన్నా?’ అన్నాడు. అయినా నిమ్మకాయ మంచి గురి కాదు, అంచుకు తగిలినా తగిలినట్టే అనిపిస్తుంది. గాజు అబద్ధం చెప్పదు. బల్లెం మొన దగ్గరుండే ఎర్ర కుచ్చు మాత్రం విప్పేయాలి, లేకపోతే అది ముందు తట్టుకుంటుంది.

బల్లెం కొలతలు: మొత్తం పొడవు 2.2 మీటర్లు, అందులో మొద్దు మొన 15 సెంటీమీటర్లు. బరువు 1,150 గ్రాములు. కర్ర మొదట్లో 3.6 సెంటీమీటర్ల మందం, కొసన 2.2. చైనావాళ్లు బల్లేలకి వాడే ‘బాయ్‌లా’ చెట్టు కర్రే. కోసి చెక్కినది కాదు, చెట్టు ఎలా పెరిగిందో అలాగే. దీనికంటే ముందు నేను ఆన్‌లైన్‌లో కొన్నది లేత్ మీద తిప్పి, మందంగా వార్నిష్ కొట్టిన సరుకు. గురువుగారు దాన్ని కొంచెం వంచి చూసి, పక్కన పెట్టి, ‘చలికాలంలో పనికొస్తుంది’ అన్నారు. వంటచెరకు అని అర్థమవడానికి నాకు ఒక రోజు పట్టింది. వార్నిష్ కొట్టిన బల్లెం కర్ర ఎవరు అమ్మినా కొనకండి. చెయ్యి జారదు, చెమటకి బంక అవుతుంది.

ఇప్పుడున్న కర్ర కథ వేరు. ఆయన ఫీజు తీసుకోరు. మొదటి నెల నేను ఎర్ర కవర్లో డబ్బు పెట్టి బలవంతంగా ఇచ్చాను. తీసుకున్నారు. మరుసటి ఆదివారం ఈ కర్ర తెచ్చి చేతిలో పెట్టి ‘నీ డబ్బుతోనే కొన్నాను’ అన్నారు, మిగిలిన చిల్లర కూడా లెక్క చెప్పి ఇచ్చేశారు. డెబ్బై దాటిన మనిషి, ఉదయం ఆరుకల్లా కొండ కింద పార్కుకి వస్తారు. చేతిలో రెండు సోయా పాల గ్లాసులు, ఒకటి నాకు. నన్ను ‘షియావ్ రావ్’ అంటారు, అంటే చిన్న రావు. రావ్ అనే ఇంటిపేరు చైనావాళ్లలో కూడా ఉంది కాబట్టి నా పేరు ఆయనకి ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఇక అనుమానాలు.

మొదటి అనుమానం కర్ర మీద. నేల మీద దొర్లించి చూస్తే నడుమ దగ్గర 8 మిల్లీమీటర్ల వంపు ఉంది. సరే, వంపు పైకి పెట్టి 30, కిందికి పెట్టి 30 పొడిచాను: 4, 5. గురువుగారి బల్లెంతో 30: 5. కర్ర తప్పు లేదు.

రెండోది కాళ్లు. అడుగు వేయకుండా నిలబడి పొడిస్తే 6. కొంచెం మెరుగు, కానీ జబ్బు అదే.

మూడోది మా తాతయ్య. ఆయనది బాపట్ల దగ్గర పల్లె. చిన్నప్పుడు రెండు ఎండాకాలం సెలవులు అక్కడ కర్రసాము నేర్చుకున్నాను. ఆ అలవాటే చేతులు చెడగొట్టిందని చాలా రోజులు నమ్మాను. చైనావాళ్ల సామెత కూడా ఉంది కదా, బల్లెం ఒక గీత మీద పొడుస్తుంది, కర్ర పెద్ద మేర అంతా కొడుతుంది అని. తాతయ్య మీద నేరం మోపడం సులువు, ఆయన ఇప్పుడు లేరు.

అప్పుడు ఫోన్ తీశాను. పక్కనుంచి సెకనుకి 240 ఫ్రేముల వీడియో. ఒక్కో పోటు 62 ఫ్రేములు, అంటే పావు సెకను పైచిలుకు. మొదటి 48 ఫ్రేముల్లో మొన ఎత్తు మారేది 2 సెంటీమీటర్లే. చివరి 14 ఫ్రేముల్లో 9 సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది. వెనక చెయ్యి చూస్తే అదే సమయంలో ఒక సెంటీమీటరు కంటే తక్కువే పైకి లేచింది. ఇంత చిన్న తప్పుకి అంత శిక్షా అనుకుని కాగితం మీద లెక్క వేశాను. పోటు మొదలయ్యేటప్పుడు వెనక చెయ్యి ముందు చేతికి 75 సెంటీమీటర్ల వెనక ఉంటుంది. మొన 145 సెంటీమీటర్ల ముందు. అంటే వెనక ఒక సెంటీమీటరు లేస్తే ముందు రెండు దిగుతుంది. పోటు ముగిసేసరికి చేతుల మధ్య దూరం 20 మాత్రమే, మొన 200 సెంటీమీటర్ల ముందు. ఇప్పుడు అదే ఒక సెంటీమీటరుకి మొన పది దిగుతుంది. మన ఏతాం ఎలా పనిచేస్తుందో అదే, ఇరుసుకి దగ్గరగా తొక్కే కొద్దీ కాస్త కదిలినా ఆ చివర బాన ఎక్కడికో పోతుంది. పోటు చివరికొచ్చే కొద్దీ తప్పు అయిదింతలవుతోంది. ముప్పాతిక వరకు నేను మంచివాణ్ణేమీ కాదు, తప్పు కనిపించలేదంతే.

లెక్క తేలింది కాబట్టి జబ్బు వెనక చేతిలో ఉందని తీర్మానించి పది రోజులు దాని వెంటపడ్డాను. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, గోడకి రంగు టేపు అతికించి, దాని పక్కనే చెయ్యి వెళ్లేలా రోజుకి 200. ఫలితం 7. పది రోజులకి 7. ఆ రాత్రి లి షువెన్ కథలు చదివాను. చైనాలోని త్సాంగ్‌జౌ మనిషి, 1934లో పోయారు, బల్లెపు దేవుడని పేరు. ఆయన శిష్యుడు లియు యున్‌చియావ్ వల్లే మా బాజీ తైవాన్‌లో ఇంతగా పాకింది. గోడ మీద వాలిన ఈగను లి షువెన్ గోడకి గీత పడకుండా పొడిచేవారని చెప్పుకుంటారు. నేను ఫోన్ ఆఫ్ చేసి పడుకున్నాను.

మరుసటి ఆదివారం వీడియోలు, లెక్కలు అన్నీ గురువుగారికి చూపించాను. ఓపిగ్గా చూశారు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి నా ముందు అరచేతికి దట్టంగా రాసి, ‘పది పొడువు’ అన్నారు. పది అయ్యాక కర్ర చూపించారు. సుద్ద మరక 55 సెంటీమీటర్ల పొడవునా ఒకేలా పలచగా పడాలి. నాది మొదట్లో పలచగా ఉండి, మధ్యలో తెగిపోయి, చివరి 12 సెంటీమీటర్లలో తెల్లగా పేరుకుపోయింది. అంటే అక్కడ ముందు చెయ్యి కర్రని జారనివ్వకుండా పట్టేసుకుంటోంది. ఆగిన కర్రని వెనక చెయ్యి ఇంకా తోస్తూ ఉంటే అది ఎటు పోతుంది, పైకే. వెనక చెయ్యి లేవడం రోగం కాదు, రోగ లక్షణం.

‘ముందు చెయ్యి గొట్టం, వెనక చెయ్యి తాళం.’ అంటే ముందుది కర్రని జారనివ్వాలి, వెనకది బిగించి పట్టాలి. ఈ మాట ఆయన మొదటి రోజే చెప్పారు, నేను నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత కూడా గీశాను.

కానీ గొట్టంలాగే పట్టుకున్నాను కదా, ఎందుకు పట్టేస్తోంది? ఇంటికొచ్చి దారంతో కర్ర చుట్టుకొలత తీశాను. పోటు మొదట్లో ముందు చెయ్యి ఉండే చోట 9.7 సెంటీమీటర్లు. పోటు ముగిసే చోట 10.9. కర్ర మొదలు లావు కదా! నేను సన్నటి చోట గొట్టం కొలత సరిచేసుకుని అలాగే ఉంచేస్తున్నాను, కర్ర ముందుకు జారే కొద్దీ లావవుతూ దానంతటదే బిగుసుకుంటోంది. గొట్టం కూడా కర్రతోపాటు తెరుచుకోవాలి. ఇది ఎవరూ చెప్పరు. చెప్పరంటే, చేతనైనవాళ్లకి చేతులే చేసేస్తాయి, వాళ్లకి అది చెప్పాల్సిన విషయంలా కనిపించదు.

దీనికి తోడు నా సొంత తెలివి ఒకటి. కర్ర ఎండిపోతోందని రెండు నెలల కిందట కొబ్బరినూనె పట్టించాను. కొబ్బరినూనె ఆరదు. దుమ్ము, చెమట కలిసి మొదటి అరమీటరు మేర సన్నటి జిడ్డు పొర పట్టింది. గురువుగారు వాసన చూసి ‘ఇది బల్లెమా, కూరా?’ అన్నారు. 240 నంబరు, తర్వాత 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, చెక్కకి పూస్తే ఆరిపోయే టంగ్ నూనె పలచగా రెండు పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య నాలుగు రోజులు ఆరబెట్టాను. అవిసెనూనె కూడా వాడతారు, కానీ ఈ తేమలో పచ్చి అవిసెనూనె వారమైనా బంకగానే ఉంటుంది. నా ఓటు టంగ్ నూనెకే. నూనె పూసిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి, వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరేయాలి.

నూనె ఆరాక 9.

ఇక ఆ బుధవారం. ముందు చెయ్యే దొంగ అని రుజువు చేయడానికి 40 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం 12 సెంటీమీటర్ల ముక్క కోసి, కర్రకి తొడిగి, ముందు చేత్తో కర్రకి బదులు ఆ గొట్టాన్ని పట్టుకున్నాను. 30కి 26. మొన గీత గీసినట్టు వెళ్లింది. నా చేతుల్లోంచి అలాంటి పోటు వస్తుందని నాకే తెలియదు. కర్ర గొట్టంలో జారే ఆ ‘జుయ్’ శబ్దం కోసమే ఇంకో వంద పొడిచాను.

గురువుగారికి చూపిస్తే చాలాసేపు నవ్వారు. జపాన్‌లో ఇలాంటి బల్లెం నిజంగానే ఉందట, కుదా యారి అంటారు, ముందు చేతికి లోహపు గొట్టం ఉంటుంది. ఓవారి కాన్ ర్యూ అనే అక్కడి బల్లెం సంప్రదాయంవాళ్లు ఇప్పటికీ దానితోనే సాధన చేస్తారు. ‘పరీక్ష బాగుంది. గొట్టం ఇలా ఇవ్వు’ అని తీసి తన సంచీలో వేసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు. ఇంట్లో ఇంకో 40 సెంటీమీటర్ల ముక్క ఉందని నేనూ చెప్పలేదు.

గొట్టం లేకుండా ఈ వారం పద్ధతి ఇలా పెట్టుకున్నాను: ముందు చెయ్యి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొదట్నుంచీ వదులు. కర్ర కిందినుంచి అరచేతి మీద ఆనుతుంది, బొటనవేలు పక్కన ఉంటుందే తప్ప మూయదు. రోజుకి 100 నెమ్మదిగా, సుద్ద రాసుకుని, మరక చూసుకుంటూ. తర్వాత 30 గాజుకి. సోమవారం 8, తర్వాత 11, 10, గాలి వల్ల ఒకరోజు లేదు, 12, 12, నిన్న 13. సుద్ద మరక ఇంకా చివరి 5 సెంటీమీటర్లలో పేరుకుంటోంది. దానికి కారణం భయమేమో అని నా కొత్త అనుమానం. కర్ర చేజారి ముందుకు పోతుందని ముందు చెయ్యి ఆఖరి క్షణంలో కాపలా కాస్తోంది. తాళం వెనక ఉందని దానికి నమ్మకం కుదరాలి. అందుకే రేపట్నుంచి 20 పోట్లు ముందు చెయ్యి పూర్తిగా తెరిచి, వేళ్లు చాచి, కర్రని అరచేతి మీద కేవలం ఆనించి. మొన కొంత వంగినా సరే, లెక్కలోకి తీసుకోను.

బూట్ల గురించి అడిగినవాళ్లకి: ఫెయ్‌యూ అనే చైనా గుడ్డబూట్లు. పలచటి అడుగు, నేల తెలుస్తుంది, చవక. మెత్తటి పరుగు బూట్లతో పొడిస్తే కాలు మెత్తలో దిగి మొన ఊగుతుంది.

ఆ తర్వాత పెద్ద బల్లెం. గురువుగారిది 3.3 మీటర్లు, రెండు కిలోల పైనే. ఒకసారి పట్టుకోనిచ్చారు, నాలుగు ‘నా’లకే వెనక మణికట్టు చేతులెత్తేసింది. గాజుకి 20 దాటాక మొదలుపెడదాం అన్నారు. నెలకి కర్ర, ఏడాదికి కత్తి, జీవితమంతా బల్లెం అని చైనావాళ్ల లెక్క, కాబట్టి ఆయనకి తొందరేం లేదు. నాకుంది, ఎందుకంటే సంక్రాంతికి ఇంటికి వెళుతున్నాను, మూడు వారాలు సాధన పోతుంది. విమానంలో బల్లెం ఎలాగూ రానివ్వరు. బాపట్లలో సర్వి తోటలకి కొదవ లేదు, సర్వి కర్ర కూడా మొదలు లావు, కొస సన్నం, తిన్నగా ఉంటుంది. బాయ్‌లా కర్రలా వంగదు కానీ గొట్టం చెయ్యి సాధనకి చాలు. బాబాయికి ఫోన్ చేసి పదకొండడుగుల సర్వి కర్ర ఒకటి కొట్టించి, బెరడు తీయించి, నీడలో పడుకోబెట్టి ఆరనివ్వమన్నాను, గోడకి ఆనించొద్దని రెండుసార్లు చెప్పాను. ‘ఒక్క కర్ర దేనికిరా?’ అన్నాడు. పందిరికని చెప్పాను.