సిగ్నల్ ఫుల్, నెట్ మాత్రం నత్తనడక

నెట్‌వర్క్ పని మీద ఎక్కడికెళ్ళినా నాకు ముందుగా ఎదురయ్యే మాట ఇదే: "సిగ్నల్ ఫుల్లుగా ఉందండీ, అయినా కాల్ మధ్యలో ఆగిపోతోంది." వాళ్ళు చెప్పేది నిజమే, ఫోన్‌లో గీతలన్నీ నిండుగానే ఉంటాయి. కాకపోతే ఆ గీతలు చెప్పేది రౌటర్ గొంతు మీ ఫోన్‌కి ఎంత గట్టిగా వినబడుతోందన్నదొక్కటే. మాట్లాడే వంతు మీ ఫోన్‌కి ఎప్పుడొస్తుందో వాటికేం తెలుసు? వైరుకీ వైర్‌లెస్‌కీ ఉన్న అసలు తేడా నా లెక్కలో ఈ వంతు దగ్గరే ఉంది. స్పీడ్ ఎంత అని అందరూ అడుగుతారు, వంతు గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. మీ ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య ఉన్న ఆఖరి లింకు పేరే వైఫై. బయటి లైను తెగిపోయినా ఫోన్‌లో వైఫై గుర్తు ఎక్కడికీ పోదు. మనం రౌటర్ అని పిలిచే డబ్బాలో నిజానికి మూడు పరికరాలు కలిసి ఉంటాయి: గాల్లోంచి సిగ్నల్ అందుకునే యాక్సెస్ పాయింట్, వెనకవైపు పోర్టులున్న స్విచ్, బయటి ప్రపంచానికి దారి చూపే అసలు రౌటర్. ఇందులో ఏది మొరాయించినా మనం "నెట్ పోయింది" అనే అంటాం. అందుకే నేను స్పీడ్ టెస్ట్ కంటే ముందు రౌటర్‌కి పింగ్ కొడతాను. అంటే 192.168.1.1 లాంటి దాని అడ్రస్‌కి చిన్న డేటా ముక్క పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తోందో చూడటం. కేబుల్ బాగుంటే అది 1 మిల్లీసెకను లోపే వస్తుంది, ఎంతసేపు చూసినా అంతే. వైఫై మీద 3, 4, 2, ఉన్నట్టుండి 180, మళ్ళీ 3. వీడియో కాల్‌లో మాట ముద్దముద్దగా వినబడేది ఆ 180 దగ్గరే.

కంప్యూటర్లు పంపుకునే డేటా అంతా ముక్కలుగా వెళ్తుంది. ఈథర్‌నెట్‌లో, అంటే కేబుల్ మీద నడిచే నెట్‌వర్క్‌లో, ఒక్కో ముక్కలో మామూలుగా 1500 బైట్ల దాకా పడుతుంది, ముందు భాగంలో ఎవరు పంపారో ఎవరికి చేరాలో అడ్రస్‌లు ఉంటాయి. ఏ పోర్టు అవతల ఏ అడ్రస్ ఉందో స్విచ్ తనంతట తానే గమనించి గుర్తుపెట్టుకుంటుంది. వచ్చిన ముక్కని ఆ పోర్టుకే పంపుతుంది, మిగతా మెషీన్లకి దాని సంగతే తెలియదు. ఒకే కేబుల్‌లో రాకా పోకా ఒకేసారి జరుగుతాయి కూడా.

మొదట్లో వైరుకీ ఈ సుఖం లేదు. 1973లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్ మొదలుపెట్టినప్పుడు మెషీన్లన్నీ ఒకే పొడవాటి కేబుల్‌కి తగిలించి ఉండేవి. ఇద్దరు ఒకేసారి పంపితే సిగ్నళ్ళు గుద్దుకునేవి. అప్పుడు ఇద్దరూ ఆగి, ఎవరికి వారు ఇంతసేపని లాటరీ తీసుకున్నట్టు కాసేపు ఆగి మళ్ళీ పంపేవారు. ఈ ఉపాయానికి స్ఫూర్తి హవాయి దీవుల్లో 1971లో నార్మన్ అబ్రామ్సన్ బృందం రేడియోతో నడిపిన అలోహానెట్. వంతుల పద్ధతిని వైరు రేడియో దగ్గరే నేర్చుకుందన్నమాట! తర్వాత స్విచ్‌లు వచ్చాయి, వైరు క్యూలోంచి బయటపడింది. రేడియో, అంటే మన వైఫై, ఇంకా అక్కడే ఉంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇది.

రేడియోకి ఇంకో ఇబ్బంది. తాను పంపుతున్నంతసేపూ తన సిగ్నలే చెవులు గింగురుమనేలా ఉంటుంది కాబట్టి అవతలివాళ్ళు కూడా పంపుతున్నారేమో వినలేదు. గుద్దుకున్నాక తెలిసే వీల్లేదు గనక ముందే జాగ్రత్త పడాలి. ఛానల్, అంటే అందరూ పంచుకునే రేడియో దారి, ఖాళీగా ఉందా అని వినాలి, కాసేపు ఆగాలి, పంపాలి, "అందింది" అన్న జవాబు కోసం చూడాలి, రాకపోతే మళ్ళీ మొదటికి. ఈ క్యూలో అన్యాయం జరిగేది నెమ్మదిగా మాట్లాడే పరికరం వల్ల. ఒక లెక్క చూడండి. 1500 బైట్లంటే 12,000 బిట్లు. ఎక్కడో మూల గదిలో సిగ్నల్ అందీ అందక 1 ఎంబీపీఎస్‌కి (సెకనుకి పది లక్షల బిట్లు) దిగిపోయిన పాత ఫోన్ ఆ ముక్క పంపడానికి 12 మిల్లీసెకన్లు గాలిని పట్టుకుని కూర్చుంటుంది. రౌటర్ పక్కనే 300 ఎంబీపీఎస్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కి అదే ముక్క 0.04 మిల్లీసెకన్ల పని. ఆ ఒక్క ఫోన్ పూర్తి చేసేదాకా అన్ని గీతలూ ఉన్న మీ ల్యాప్‌టాప్ నోరు మూసుకుని ఉండాల్సిందే. ఇక అదే ఛానల్‌లో పక్కింటి రౌటర్ ఉంటే వాళ్ళూ మీ క్యూలోనే నిలబడతారు.

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 1, 6, 11 ఛానళ్ళు ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి. 1లో రద్దీ, 6లో రద్దీ అని మధ్యలో 3కి మార్చేవాళ్ళుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఒకే ఛానల్‌లో ఉన్నవాళ్ళు ఒకరి మాట ఒకరు అర్థం చేసుకుని వంతులు పాటిస్తారు. సగం సగం కలిసే ఛానల్‌లో ఉంటే రెండు వైపులవాళ్ళకీ మీరు వట్టి రొద. వీలైతే 5 గిగాహెర్ట్జ్‌కి వెళ్ళండి. గోడలు దాటడం దానికి కష్టమే, పక్కింటి సిగ్నల్ కూడా అలాగే ఆగిపోతుంది, అది మనకి మేలే. 2021లో ఖరారైన 802.11ఏఎక్స్, అంటే వైఫై 6, ఈ వంతుల సమస్య మీదే గురిపెట్టింది. యాక్సెస్ పాయింట్ ఒకే వంతును నలుగురికి పంచగలదు. అయితే పాత పరికరాలకి ఆ భాష రాదు.

వైరు వేస్తే చాలు అంతా బాగుపడుతుందని కూడా అనుకోకండి. కేబుల్ లోపల ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలితిప్పి ఉంటాయి. ఆ మెలిక అందానికి కాదు. బయటి నుంచి వచ్చే రొద జంటలోని రెండు తీగల మీదా దాదాపు ఒకేలా పడుతుంది, అవతలి చివర రెండిటి తేడా మాత్రమే చూస్తారు కాబట్టి రొద కొట్టుకుపోతుంది. క్రింపింగ్ చేసేటప్పుడు, అంటే కేబుల్ చివర ప్లగ్ బిగించేటప్పుడు, తీగల్ని వరసలో పెట్టడం సులువని మెలికల్ని బారెడు విప్పేస్తారు కొందరు. 13 మిల్లీమీటర్లు మించకూడదు. రంగుల వరస కూడా రెండు చివర్లా ఒకటే ఉండాలి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జంటలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. మూడో జంటలో ఒక్క తీగ సరిగ్గా ఆనకపోయినా చాలా నెట్‌వర్క్ కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అందుకే కేబుల్ పెట్టాక లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడకుండా నేను కదలను.

కదలకుండా ఒకచోట ఉండే ప్రతిదానికీ వైరు లాగమంటాను: టీవీ, డెస్క్‌టాప్, కెమెరా, ప్రింటర్. అవి క్యూలోంచి తప్పుకుంటే ఫోన్లకి గాలి ఆడుతుంది. రెండో గదిలో సిగ్నల్ లేదని రిపీటర్ కొనేవాళ్ళకి కూడా అదే చెబుతాను. మామూలు రిపీటర్ ప్రతి ముక్కనీ విని అదే ఛానల్‌లో మళ్ళీ పలుకుతుంది, ఒక మాటకి రెండు వంతులు ఖర్చు. ఆ గదిదాకా కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టుకుంటే ఆ పేచీ ఉండదు. 100 మీటర్లు దాటినా, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్ళాల్సి వచ్చినా రాగి వద్దు, ఫైబరే వేయండి. పిడుగు పడితే రాగి తీగ దాన్ని నేరుగా లోపలికి తెస్తుంది.

కొత్త రౌటర్ కొనే ముందు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించి ఓ ఐదు నిమిషాలు రౌటర్‌కి పింగ్ నడపండి, తర్వాత కేబుల్ తీసేసి అదే చోట వైఫై మీద నడపండి. రెండూ నిలకడగా ఉండి కూడా కాల్ ఆగుతుంటే తప్పు బయటి లైనుది, సర్వీసువాళ్ళకి ఫోన్ చేయండి. వైఫై మీద మాత్రమే అంకెలు ఎగిరి పడుతుంటే ముందు ఛానల్ మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే రౌటర్ కోసం దాచిన డబ్బు కేబుల్ మీద పెట్టండి.