ఆయిల్ స్విచ్, రిలే, సుంకి ఘాట్

మా మారుతి 800 వయసు పాతికేళ్లు దాటింది. 1998 నాటి కార్బొరేటర్ బండి. నాన్నగారు జయపురంలో ఉండగా కొన్నారు, ఇప్పుడు కోరాపుట్‌లో నా దగ్గరుంది. అమ్మ సాలూరులో చెల్లి దగ్గర ఉంటోంది కాబట్టి నెలకి రెండుసార్లయినా సుంకి ఘాట్ దిగి ఎక్కాలి. ముచ్చటకి దాచుకున్న పాత వస్తువు కాదిది. నమ్ముకుని తిరగాల్సిన బండి.

మొన్న వేసవిలో డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ ప్రెషరు దీపం మినుకుమినుకుమనడం మొదలెట్టింది. ఇంజను బాగా వేడెక్కి, ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆరిపోయేది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. షెడ్డులో కుర్రాడు కూడా చూసి "తేల ఠిక్ అఛి సార్, స్విచ్ ఖరాప్" అని ఒడియాలో తేల్చేశాడు. ఆయిల్ బాగానే ఉంది, ఆ దీపాన్ని వెలిగించే స్విచ్చే పాడైందని.

ఆ మాటకి నా మనసు ఒప్పలేదు. మా చిన్నాన్న జీపుకీ ఎవరో ఇదే మాట చెప్పారు. ఏడాది పొడుగునా ఆ దీపం అలా వెలుగుతూనే ఉండేది, "ఆ, స్విచ్చేలే" అని ఆయన కళ్లకి అలవాటైపోయింది. నిజంగా ప్రెషరు పడిపోయిన రోజున వెలిగిందీ అదే దీపం. చూశాడు, నడిపాడు. పొట్టంగి దాటేసరికి ఇంజను లోపల సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. బేరింగులు పోయి, క్రాంకు మీద గీతలు పడ్డాయి. అందుకే తప్పుడు దీపాన్ని బండిలో ఒక్క వారం కూడా ఉండనివ్వకూడదని నా పట్టుదల. అలాగని తప్పు స్విచ్‌దేనని అనుకుని మార్చేస్తే సరిపోదు. ముందు ప్రెషరు కొలవాలి.

సాలూరంటే లారీల ఊరు. అక్కడ మాకు తెలిసిన మేస్త్రీ దగ్గర ముల్లు గేజు ఉంది. ఆయిల్ స్విచ్ విప్పేసి, ఆ రంధ్రంలోనే గేజు గొట్టం బిగించాడు. ఇంజను వేడెక్కేదాకా ఓపిగ్గా ఆగాం. ఐడ్లింగ్‌లో ముల్లు ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకి) దగ్గర నిలబడింది, రేజ్ చేస్తే మూడు దాటింది. "మాస్టారూ, ఇంజను బంగారం. స్విచ్చే మార్చండి" అన్నాడు. అప్పుడు నమ్మాను.

ఆ స్విచ్ పని చాలా చిన్నది. లోపల పల్చని పొర, దాని వెనక ఒక కాంటాక్టు. తాళం తిప్పినప్పుడు కాంటాక్టు బాడీకి ఎర్తై దీపం వెలుగుతుంది. ఇంజను స్టార్టయ్యాక ఆయిల్ ఆ పొరని నెడితే కాంటాక్టు విడిపోయి ఆరుతుంది. ఇలాంటి స్విచ్‌లు సాధారణంగా అర కేజీ లోపు ప్రెషరుకే విడిపోతాయి. అంటే దీపం ఆరినంత మాత్రాన ప్రెషరు బాగున్నట్టు కాదు, బొత్తిగా లేకుండా పోలేదని మాత్రమే అర్థం. చాలామంది డ్రైవర్లకి ఇది తెలీదు. తాళం తిప్పగానే దీపం వెలగకపోతే ఇంకా ప్రమాదం. స్విచ్ వైరు ఊడదీసి బాడీకి తాకించండి. వెలిగితే స్విచ్ పోయింది, వెలగకపోతే బల్బో, ఫ్యూజో, వైరో.

పాత స్విచ్‌ని హాక్సా బ్లేడుతో కోసి చూశాను. పొర చిట్లి, కాంటాక్టు దాకా ఆయిల్ చేరి నల్లగా జిడ్డు కట్టింది. దాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకి చూపిస్తే ఒక పీరియడంతా దాని చుట్టూనే తిరిగింది.

కొత్తది కొనేటప్పుడు మర చూసుకోండి. అంగుళంలో ఎనిమిదో వంతు సైజులోనే రెండు రకాలున్నాయి. ఒకదానికి అంగుళానికి 28 మరలు, ఇంకోదానికి 27. మొదటి షాపువాడిచ్చింది చేత్తో రెండు చుట్లు తిరిగి పట్టేసింది. బలవంతంగా పానా వేసుంటే బ్లాకు మర పోయేది. మర కొసకి టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. ముక్క తెగితే ఆయిల్ దారిలోకి పోతుంది, పైగా స్విచ్‌కి ఎర్తు ఆ మర నుంచే అందాలి.

ఇక రిలే సంగతి. హెడ్‌లైట్ల స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లోపలి కాయిలు పనిచేసి, దీపాలకి పెద్ద కరెంటు కలిపే కాంటాక్టుని మూసే చిన్న డబ్బీ అది. ఆగస్టులో సాలూరు నుంచి వస్తూ, సుంకి దాటాక ఒక మలుపులో హెడ్‌లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోయాయి. రాత్రి, వాన, పొగమంచు. పక్క సీట్లో మేనల్లుడు. వెనకొస్తున్న సాలూరు లారీ ఆగింది. డ్రైవరు టార్చి పట్టుకుని దిగి, "బాబూ, స్విచ్ వెయ్యి" అన్నాడు. రిలే టిక్‌మంది, దీపం రాలేదు. "టిక్ అంటే కాయిలు బతికుంది, కాంటాక్టు చచ్చింది" అని రిలే పీకేసి, కరెంటు వచ్చే 30 నంబరు పిన్ను సాకెట్టుకీ, దీపాలకి పోయే 87 పిన్ను సాకెట్టుకీ మధ్య తీగ కట్టాడు. రెండు దీపాలూ వచ్చాయి. కోరాపుట్ చేరి ఆ తీగ పీకితే గానీ ఆరలేదు.

ఇంట్లో విప్పి చూస్తే కాంటాక్టు మాడిపోయింది, 87 దగ్గర ప్లాస్టిక్ కరిగింది. మూడేళ్ల కిందట ఎవరో చవక రిలే ఒక్కటే పెట్టి, డిప్‌కీ బ్రైట్‌కీ దాన్నే వాడారు. 60 వాట్ల బల్బులు రెండంటే పది ఆంపియర్లు. వారాల తరబడి దీపాలు మసగ్గా, పసుపుపచ్చగా వెలుగుతుంటే బల్బులు పాతవనుకున్నాను. అప్పుడే 30కీ 87కీ మధ్య వోల్టేజి కొలవాల్సింది. కాంటాక్టు పాడైతే దీపాలకి చేరాల్సిన వోల్టేజి అక్కడే పడిపోతుంది.

ఇప్పుడు డిప్‌కొకటి, బ్రైట్‌కొకటి. ఒకటి పోయినా రెండోదానితో ఇల్లు చేరొచ్చు. దేనికదే ఫ్యూజు. పిన్నులు కిందికి ఉండేలా బిగించాను, మా వానలకి నీరు నిలవకుండా. కాయిలు కొలిస్తే 80 ఓములు, అంటే హెడ్‌లైట్ల స్విచ్ మీదుగా పోయే కరెంటు 0.15 ఆంపియరే. దీపాలు వెలుగుతుండగా 30, 87ల మధ్య పదోవంతు వోల్టు కూడా పడట్లేదు.

ఆ రాత్రి కంగారులో డ్రైవరు పేరు అడగలేదు. ఆయన కట్టిన తీగముక్క గ్లవ్‌బాక్సులో ఉంది. సుంకి దగ్గర టీకి ఆగినప్పుడల్లా సాలూరు లారీల వంక చూస్తుంటాను, ఆ మొహం కనబడుతుందేమోనని.