పిండికట్టు బిగిసిన రాత్రి

వానాకాలం, పెరట్లో పాచి మీద కాలు జారింది. పడకుండా ఆపుకోబోయి కుడి చెయ్యి ఆనించాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. డాక్టరుగారు మత్తిచ్చి ఎముక సరిచేసి పిండికట్టు వేశారు. తడి పిండి గట్టిపడుతుంటే చెయ్యి వెచ్చగా కాలినట్టయింది. అది మామూలేనని నర్సు చెప్పింది. గోరు నొక్కి రక్తం ఎలా తిరిగొస్తుందో చూసుకోవడం కూడా అప్పుడే నేర్పింది.

అసలు టెన్షన్ ఆ రాత్రే. విరిగిన చెయ్యి మొదటి రెండు మూడు రోజులు వాస్తుంది, కట్టేమో సాగదు. వేళ్లు ఉబ్బి తిమ్మిరెక్కాయి. మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గకపోగా పెరిగింది. మధ్యవేలు కాస్త వెనక్కి చాపితే ప్రాణం పోయినంత పనయింది.

"ఎముక విరిగాక నొప్పి ఉండదామ్మా, ఓర్చుకో" అన్నారు అత్తయ్య. ప్రేమతోనే అన్నారు. కానీ ఎడమ బొటనవేలి గోరు నొక్కి వదిలితే ఎరుపు ఇట్టే తిరిగొచ్చింది. కుడిచేతి గోరు మాత్రం పాలిపోయి అలాగే ఉంది. మావారు వెంటనే ఆటో పిలిచారు.

ఆస్పత్రిలో కట్టును పొడవునా చీల్చి, లోపలి దూది కూడా కత్తిరించి వదులు చేశారు. కాసేపటికి వేళ్లలోకి రక్తం దిగడం తెలిసింది. ఎముక కదల్లేదని మళ్లీ ఎక్స్‌రే తీసి చూసుకున్నారు. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోతే కండరాలు గంటల్లోనే దెబ్బతింటాయట. అందుకే ఎవరింట్లో కట్టు పడ్డా ముందు వేళ్లు చూడమంటాను. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

చూడ్డానికొచ్చినవాళ్లు పుత్తూరు కట్టు వేయించుకోవాల్సింది అన్నారు. ఆకుపసరు కట్టయినా, పిండికట్టయినా వేళ్లను కనిపెట్టుకుని ఉండాల్సిందే.

తర్వాత రోజులు తేలిగ్గానే గడిచాయి. పడుకున్నప్పుడు చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా రెండు దిండ్ల మీద పెట్టుకునేదాన్ని. వేళ్లు ముడుస్తూ చాపుతూ ఉండేదాన్ని. దురద మాత్రం చంపేసింది. మా ఆడపడుచు అల్లికసూది తెచ్చిచ్చినా తీసుకోలేదు. లోపల గీరుకుంటే పుండు పడుతుంది, పడినా పైకి కనపడదు. స్నానానికి ప్లాస్టిక్ కవరు చుట్టి, చెయ్యి బయటికి పెట్టుకునేదాన్ని. జడ మావారే వేసేవారు, వంకరో టింకరో.

కట్టు తీశాక చెయ్యి సన్నబడి, చర్మం పొట్టు రాలింది. మణికట్టు కొయ్యబారిపోయింది. ఫిజియోథెరపీలో గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ముంచి, మెత్తటి బంతి నొక్కించారు. ఇప్పుడు అన్నం కలుపుకోగలుగుతున్నాను. తడిబట్టలు పిండడమే ఇంకా రావడం లేదు, దానికి మరికొంత టైమ్ పడుతుందన్నారు.