పుంగనూరు ఆవు బొమ్మ: మూడు ఆదివారాల లెక్క

ఆవుల బొమ్మలు వేయడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఒంగోలు గిత్తలతో రెండు నోటుబుక్కులు నిండాయి, ఇక పొట్టి జాతి అయిన పుంగనూరు ఆవును ఎదురుగా కూర్చుని వేయాలని పలమనేరు పశు పరిశోధన స్థానానికి అనుమతి అడుగుతూ ఉత్తరం కూడా రాసుకున్నాను. తీరా చూస్తే చిత్తూరులో మా ఇంటికి 18 కిలోమీటర్ల దూరంలోనే, వారానికి రెండుసార్లు నేను బండి మీద పోయే రోడ్డు పక్కనే, మామిడితోటలో ఒకాయన ఇరవై దాకా పెంచుతున్నాడు. పాలబ్బాయి చెబితే తెలిసింది. శని, ఆదివారాల్లో చూడ్డానికి రానిస్తారు, మనిషికి 100 రూపాయలు, ముందురోజు ఫోన్ చేసి చెప్పాలి.

మొదటి ఆదివారం పదిన్నరకు వెళ్లాను. అదే తప్పు. ఎండకు ఆవులన్నీ కొట్టం వెనక నీడలోకి పోయి మనకి వీపు చూపిస్తున్నాయి, ముందేమో సెల్ఫీల జనం. నిలబడే గబగబా ఒకటి గీశాను. బాగానే వచ్చిందనుకుని కొట్టంలో పనిచేసే పెద్దాయనకు చూపిస్తే కాసేపు చూసి, "నాలుగు ఈతలైన ఆవు సార్ ఇది, మీరు దూడను చేసి పెట్టినారే" అన్నాడు.

ఇంటికొచ్చి చూసుకుంటే ఆయన మాట అక్షరాలా నిజం. చేతి అలవాటు కొద్దీ ఒంగోలు కాళ్లే వేశాను. చిన్న ఒంటికి పొడుగు కాళ్లు తగిలిస్తే అది దూడే అవుతుంది, కొమ్ములు పెట్టినా లాభం లేదు.

రెండో ఆదివారం ఉదయం ఆరుంముప్పావుకే వెళ్లాను, పాలు పిండడం అయిపోయి ఆవులు నెమరేస్తూ కదలకుండా ఉండే టైమది. ఈసారి సంచిలో టైలర్ టేపు, 2బి, 6బి పెన్సిళ్లు, అడుగు ఎత్తు పీట. ఆ పీట వల్లే సగం పని అయింది, ఎందుకంటే కూర్చుంటే ఆవు కన్నూ నా కన్నూ దాదాపు ఒకే ఎత్తుకు వచ్చాయి. పెద్దాయన పలుపు పట్టుకుంటే కొలతలు తీశాను. సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, పక్కన నిటారుగా కర్ర పెట్టి, మూపురం వెనక ఎత్తు చూడాలి. టేపును పొట్ట మీదుగా వంచితే లెక్క తప్పుతుంది. 84 సెంటీమీటర్లు. ఈ జాతి సాధారణంగా 70 నుంచి 90 మధ్య ఉంటుంది.

ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 50 అంగుళాలు, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు 38. చుట్టుకొలతను దాంతోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 300తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. దాదాపు 317 పౌండ్లు, అంటే 144 కిలోలు. అంచనానే, కానీ ఒంగోలు ఆవులో సుమారు మూడో వంతు అని తెలిశాక పెన్సిల్ పట్టు మారింది.

అసలు కిటుకు ఇంకోటి. పెన్సిల్‌ను చెయ్యి చాచి పట్టుకుని వీపు నుంచి పొట్ట దాకా ఎంతుందో, పొట్ట నుంచి నేల దాకా ఎంతుందో చూశాను. ఈ ఆవుకు మొదటిదే ఎక్కువ. దూడకు చూస్తే తిరగబడింది. ఆ ఒక్కటీ సరిచేస్తే పక్కన మనిషినో బకెట్‌నో వేయకుండానే చిన్న ఆవు చిన్న ఆవులా కనబడుతుంది.

మూడో ఆదివారం వివరాల కోసం వెళ్లాను: వెడల్పు నుదురు, నెలవంకలా తిరిగిన పొట్టి కొమ్ములు, ముందు నుంచి వెనక్కి కాస్త వాలిన వీపు. మధ్యలో ఆవు మెడ చాచి పేజీని ఒక్క నాకు నాకింది, గంగడోలు దగ్గర వేసిన నీడంతా పోయింది. మేత తొట్టికి మూడడుగులు ఇవతలే కూర్చోండి.

2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలోని ఇంట్లో ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగారట, నేనున్నంతసేపూ ముగ్గురు ధర అడిగారు. పొట్టిగా ఉంటే చాలు పుంగనూరే అనుకుని కొనేస్తున్నారు, అది నాకు నచ్చలేదు. నేనైతే ముందు తోక చూస్తాను, దాదాపు నేలకు తగిలేంత పొడుగుంటుంది.

అంత తెలిసీ నా బొమ్మలో తోక మోకాలి కింద ఆపేశాను. పెద్దాయన ఈసారి దూడ అనలేదు. "తోక ఇంకొంచెం దించండి సార్" అన్నాడు. దించబోతే పేజీ చాల్లేదు, కింద ఇంకో కాగితం అతికించి కుచ్చు వేశాను.