అద్దె వంటింటికి జాజు రంగు: ఆరు వారాల పని

జూన్ 7, శనివారం

మల్కాజిగిరిలో ఈ పోర్షన్‌కి వచ్చి ఎనిమిది నెలలైంది. మిగతా గదులు మాకు నచ్చినట్టు సర్దుకున్నాం గానీ వంటింటి జోలికి మాత్రం పోలేదు. రోజుకు మూడు గంటలు నేను నిలబడేది అక్కడే. ఏడడుగుల నల్ల గ్రానైట్ గట్టు, దాని వెనక రెండడుగుల ఎత్తు వరకు మీగడ రంగు టైల్స్, ఆ పైన డిస్టెంపర్ గోడ. గట్టు మీదుగా ఒక కడప రాయి అర, పక్క గోడకు ఇంకో నాలుగు అరలు. వేటికీ తలుపుల్లేవు. ట్యూబ్‌లైటు నా వీపు వెనక ఉంటుంది కాబట్టి కూరగాయలు తరుగుతుంటే నా నీడే చెక్క మీద పడుతుంది.

వచ్చే నెల 13న లష్కర్ (సికింద్రాబాద్) బోనాలు. అమ్మ, అత్తమ్మ వాళ్లు అందరూ వస్తారు. అప్పటికల్లా ఇది నా వంటిల్లు అనిపించాలి. మూడు వేలు పక్కన పెట్టాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టినవన్నీ ఒక్క సాయంత్రంలో ఊడిరావాలి, గోడలు ఇప్పుడున్నట్టే మిగలాలి. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చి ఉన్నాం, అందులోంచి పెయింటింగ్ డబ్బులని ఒక్క రూపాయి కూడా అదనంగా పోకూడదు.

కింద ఉండే ఓనర్ ఆంటీని అడిగాను. “మేకులు కొట్టకు, డ్రిల్లింగు పెట్టకు. ఇంకేం చేసుకున్నా నీ ఇష్టమమ్మా” అన్నారు. “అంటించేవి కూడా ముందు ఒక మూల పెట్టి చూసి, మచ్చ పడకుండా వస్తేనే పెడతానాంటీ” అని చెప్పాను. పని మొదలుపెట్టకముందే నాలుగు గోడలు, అరలు, సింకు కింద భాగం, పాత పగుళ్లతో సహా ఫోటోలు తీసి ఆంటీకి వాట్సాప్‌లో పంపాను. తేదీతో ఇద్దరి దగ్గరా ఉంటాయి.

జూన్ 8, ఆదివారం

రోజంతా జిడ్డు వదిలించడానికే సరిపోయింది. తినే సోడాలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ముద్దలా చేసి టైల్స్‌కి పట్టించాను. పావుగంట ఆగి, వేడినీళ్లలో ముంచిన పీచుతో రుద్దాను. టైల్స్ మధ్య గీతలకు పాత టూత్‌బ్రష్ వాడాను. పోపు చిట్లి గట్టిపడిన చోట కాలం చెల్లిన ఏటీఎం కార్డుతో గీకితే వచ్చేసింది, టైల్ మీద గీత పడలేదు. ఇనుప పీచు వాడితే మెరుపు పోతుంది, అందుకే దాన్ని ముట్టుకోలేదు.

సగం అందం ఇక్కడే వచ్చేసింది. టైల్స్ ఇంత తెల్లగా ఉంటాయని ఎనిమిది నెలల్లో నాకు తెలియనే లేదు. ఖర్చు 60 రూపాయలు. ఏదైనా అంటించే ముందు తుడవడానికి మెడికల్ షాపులో 50 రూపాయలకు స్పిరిట్ సీసా కొన్నాను. స్పిరిట్‌కి తొందరగా మంట అంటుకుంటుంది కాబట్టి స్టవ్ ఆర్పేసి, కిటికీ తెరిచి వాడాలి.

జూన్ 14, శనివారం

పరీక్షలు పెట్టాను. మూడు చోట్ల మూడు రకాలు.

డిస్టెంపర్ గోడ మీద, తలుపు చాటున జిగురు హుక్ ఒకటి అంటించి గంట తర్వాత గరిటె తగిలించాను. సాయంత్రానికి హుక్ కింద పడింది, దానితో పాటు రూపాయి బిళ్లంత రంగు పెచ్చు ఊడింది. అరచేత్తో రుద్దితే చేతికి పొడి అంటుకునే గోడ మీద జిగురు నిలవదు. అది గోడను కాదు, ఆ పొడిని పట్టుకుంటుంది. మీరు కూడా ముందు చెయ్యి రుద్ది చూడండి. ఆ పెచ్చు మీద కాస్త పుట్టీ పెట్టి నున్నగా చేశాను, రంగు తర్వాత కలపాలి. ఇక ఆ గోడ మీద ఏమీ పెట్టకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

స్టవ్ వెనక అల్యూమినియం ఫాయిల్ స్టిక్కర్ కొంత అంటించాను. రోల్ 199 రూపాయలు. సింకు దగ్గర టైల్ మీద వినైల్ (సన్నటి ప్లాస్టిక్) స్టిక్కర్ ముక్క ఒకటి పెట్టాను. ఈ రెండూ పది రోజులు ఉంచి చూస్తాను. టైల్‌కి అంటుకునే గాలి హుక్కులు కూడా 150 పెట్టి తెచ్చాను.

జూన్ 21, శనివారం

గాలి హుక్కులు వారంలో మూడుసార్లు రాత్రిపూట పడిపోయాయి. గరిటెలు గట్టు మీద పడిన చప్పుడుకి మా ఆయన దొంగలొచ్చారని లేచారు. గరిటెలకు మళ్లీ స్టీలు గ్లాసే దిక్కు. ఇక హుక్కుల బదులు గట్టు మీద నిలబడే రెండంతస్తుల స్టీలు ర్యాక్ 650కి కొన్నాను. పోపుల పెట్టె, నూనె సీసాలు, ఉప్పు జాడీ అందులోకి వెళ్లాయి. దాని పక్క కడ్డీకి గరిటెలు వేలాడదీశాను. రేపు ఇల్లు మారితే మాతోపాటే వచ్చేస్తుంది.

వెలుతురు సమస్య కూడా ఈరోజే తీరింది. చార్జింగ్ పెట్టుకునే ఎల్‌ఈడీ పట్టీలు రెండు, ఒక్కోటి 350. మనిషి కదిలితే వెలుగుతాయి. వీటికి అయస్కాంతం ఉంటుంది, దానికి జోడుగా చిన్న రేకు ముక్కను జిగురుతో అంటించాలి. గట్టు మీది కడప రాయి అరకు కింది వైపు నున్నగా ఉంటుంది కాబట్టి స్పిరిట్‌తో తుడిచి అక్కడ పెట్టాను. వెలుగు రంగును కెల్విన్‌లలో చెప్తారు, నేను 4000 రకం తీసుకున్నాను. 6500 అయితే తెలుపు మరీ ఎక్కువై కూర రంగు నీలంగా పాలిపోయినట్టు కనిపిస్తుంది. 3000 పసుపు పచ్చగా ఉండి ఉల్లిపాయ వేగిందో లేదో తెలియదు. ఇప్పుడు నీడ నా వెనక్కి పోయింది. మూడు వేలల్లో అన్నిటికంటే బాగా ఖర్చు పెట్టింది ఈ 700 అని నా అభిప్రాయం.

జూన్ 24, మంగళవారం

ఫాయిల్ స్టిక్కర్ పది రోజులు కాకముందే అంచులు లేచింది, మధ్యలో బుడగలు వచ్చాయి. వేడికి జిగురు కరిగి టైల్ మీదే ఉండిపోయింది. కొబ్బరినూనె రాసి అరగంట నాననిచ్చి గుడ్డతో తుడిస్తే జిగురు మెల్లగా ఊడింది, తర్వాత సబ్బు నీళ్లు. రెండు సాయంత్రాలు పట్టింది. స్టవ్ వెనక జిగురుతో అంటించేది ఏదీ వద్దని గట్టిగా చెప్తున్నాను. సింకు దగ్గరి వినైల్ ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. హెయిర్ డ్రయర్‌తో అర నిమిషం వేడి చేసి మూల పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చేసింది.

స్టవ్ వెనక్కి వేరే దారి దొరికింది. స్టీలు పని చేసే దుకాణంలో రెండడుగుల చదరం రేకు కోయించి, నాలుగు అంచులూ అరంగుళం లోపలికి మడిపించాను, చెయ్యి కోసుకోకుండా. 520 అయింది. వెనక నాలుగు మూలలా పాత హవాయి చెప్పు రబ్బరు ముక్కలు పెట్టి గోడకు ఆనించాను. పోపు చిట్లేదంతా దాని మీదే పడుతుంది. ఆదివారం పూట తీసి కుళాయి కింద కడిగేస్తే చాలు.

జూన్ 28 నుంచి జూలై 6

ఇక నాకు ప్రాణమైన పని. కరీంనగర్ దగ్గర మా అమ్మమ్మ ఇంటికి ఏటా సున్నం వేసేవాళ్లు. గోడ కింది భాగానికి, గడప పక్క అరుగులకు జాజు పూసి, ఆరాక దాని మీద తెల్లటి ముగ్గు. ఎర్రమట్టి ఎరుపు మీద ఆ తెల్ల గీత కనబడితే ఇంట్లో పండగ ఉన్నట్టే. ఈ టైల్స్ మీదికి అదే తెచ్చుకోవాలనుకున్నాను.

బండ్ల నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపులో వినైల్ షీట్ మీటరు లెక్కన కోసి ఇస్తారు. రెండడుగుల వెడల్పు, మీటరు 80. జాజుకి దగ్గరగా ఉన్న ఇటుక రంగు తీసుకున్నాను. లెక్క ఇలా వేశాను. మా టైల్ 12 అంగుళాలు అడ్డం, 8 అంగుళాలు నిలువు. ఏడు వరసలు, మూడు అంతస్తులు, మొత్తం 21 టైల్స్. స్టవ్ వెనకవి ఆరు వదిలేస్తే పదిహేను. ఒకటి విడిచి ఒకటి అంటిస్తే ఎనిమిది చాలు. ఎనిమిదికి మీటరు కూడా పట్టదు, అయినా తప్పులకూ విడి ముక్కలకూ కలిపి మీటరున్నర తెచ్చాను, 120. అన్నిటికీ అంటిస్తే ఇంత చిన్న గది ఇంకా చీకటిగా అనిపిస్తుంది. మధ్యమధ్య మీగడ రంగు ఉంటేనే ఎరుపు ఎత్తి కనిపిస్తుంది.

ప్రతి ముక్కా టైల్ కంటే పావు అంగుళం తక్కువ కోశాను. స్టిక్కర్ గీత మీదికి ఎక్కితే అక్కడ నీళ్లు చేరి అంచు లేస్తుంది. మూలలు కూడా చదరంగా వదలకుండా రూపాయి బిళ్ల పెట్టి గుండ్రంగా కత్తిరించాను, గుడ్డతో తుడిచేటప్పుడు మొదట లేచేవి మొన మూలలే.

ముగ్గు అంటించాక వేద్దామంటే చెయ్యి నిలవదు, అందుకే ముందే బల్ల మీద పెట్టి వేశాను. నిగనిగలాడే షీట్ మీద రంగు జారిపోతుంది కాబట్టి ఒకసారి స్పిరిట్‌తో తుడవాలి. తెల్ల పెయింట్ పెన్నులు రెండు, 180 రూపాయలు. 5 చుక్కలు, సందు చుక్క 3 వరకు, చుక్కకీ చుక్కకీ అంగుళం. చుక్కలు పెన్సిల్‌తో పెట్టి వాటి చుట్టూ మెలికలు తిప్పాను. మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలవాలి. పెన్ను మధ్యలో ఎత్తితే మళ్లీ ఆనించిన చోట బొట్టు పడుతుంది. మొదటి రెండు ముక్కలు అలాగే పాడయ్యాయి. మూడోదాని నుంచి ఒక పని చేశాను, గీసే ముందు ఆ దారంతా వేలితో మూడుసార్లు తిప్పి చూసుకున్నాను. అమ్మమ్మ పిండి చేతిలోకి తీసుకున్నాక ఎప్పుడూ ఆగేది కాదు, ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఒక్కో ముక్కకి నలభై నిమిషాలు, రాత్రంతా ఆరాలి.

అంటించడానికి అరలీటరు నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి స్ప్రే సీసాలో పోశాను. టైల్ మీద చల్లి స్టిక్కర్ పెడితే జరపడానికి వీలుంటుంది. సరిగ్గా కూర్చున్నాక ఏటీఎం కార్డుకి మెత్తటి గుడ్డ చుట్టి మధ్యలోంచి అంచులకు నీళ్లు తోసెయ్యాలి. వానాకాలం కాబట్టి రెండు రోజులు వాటి మీద నీళ్లు పడనివ్వలేదు. ఇప్పుడు రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నాను, ఏమీ కాలేదు. పీచుతో రుద్దితే మాత్రం ముగ్గు గీసుకుపోతుంది, పాడైన ముక్క మీద రుద్ది చూశాను.

జూలై 10, గురువారం

గట్టు కింద రెండు ఖానాలు. ఒకదానిలో బియ్యం డబ్బా, పెద్ద గిన్నెలు, రెండోదానిలో గ్యాస్ సిలిండర్. మొదటిదానికి పరదా కట్టాను. రెండు గోడల మధ్య బిగుసుకునే స్ప్రింగు రాడ్డు 280, అమ్మ కట్టి వదిలేసిన నారాయణపేట కాటన్ చీర, దాన్ని కుట్టినందుకు టైలర్‌కి 80. చీర అంచు పరదా కింది వైపు వచ్చేలా కుట్టించాను, ఆ పట్టీ టైల్స్ మీది ఎరుపుతో కలిసింది. నేల తుడిస్తే తడవకుండా నాలుగంగుళాలు పైకే ఆపాను.

సిలిండర్ ఖానాకి పరదా పెట్టలేదు. అమ్మ ఫోన్‌లో చూసి “అదొక్కటీ బోసిగా ఉంది, దానికీ కట్టవే” అంది. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది. అక్కడ గాలి ఆడాలి, రెగ్యులేటర్ చేతికి అందాలి, పైపు కంటికి కనిపించాలి. అందం కోసం దాన్ని మూయను అని అమ్మకి చెప్పాను, ఒప్పుకుంది.

అరలకు పుస్తకాల అట్టలు వేసే ఖాకీ కాగితం పరిచాను, 60 రూపాయలు. నాలుగు మడతలు వేసి అంచును కత్తెరతో తోరణంలా కోసి, రెండంగుళాలు ముందుకు వేలాడనిచ్చాను. చిన్నప్పుడు న్యూస్‌పేపర్‌తో ఇలా కోసేది అమ్మ. డబ్బాల బరువుకే నిలబడుతుంది, టేపు అక్కర్లేదు. కాగితానికి చెమ్మ పడితే బొద్దింకలు చేరతాయి కాబట్టి నెలకోసారి మార్చాలి.

జూలై 13, ఆదివారం

అత్తమ్మ వచ్చీ రాగానే టైల్స్ మీద చెయ్యి పెట్టి “ఇవి ఇంటివేనా?” అని అడిగింది. స్టిక్కర్లని చెప్తే నమ్మలేదు. ఓనర్ ఆంటీ బోనం చూసి పైకి వచ్చి, వంటింట్లో చాలాసేపు నిలబడ్డారు. తలుపు చాటున ఊడిన పెచ్చు కూడా నేనే చూపించాను. మిగిలిన రంగు డబ్బా కిందే ఉందట, ఇస్తానన్నారు.

మొత్తం లెక్క: శుభ్రానికి, స్పిరిట్‌కి 110, వినైల్ 120, పెన్నులు 180, ర్యాక్ 650, లైట్లు 700, స్టీలు రేకు 520, రాడ్డు 280, కుట్టుకూలి 80, కాగితం 60. పనికిరాకుండా పోయినవి ఫాయిల్, గాలి హుక్కులు కలిపి 349. అంతా 3,049.

జూలై 20, ఆదివారం

ఆంటీ ఇచ్చిన రంగు చిన్న బ్రష్‌తో వేశాను, ఇంకా కాస్త కొత్తగా మెరుస్తోంది కానీ తలుపు తెరిచి ఉంటే కనబడదు. సింకు పక్కన ఎక్కువ తడిసే స్టిక్కర్ ఒకటి కావాలనే ఊడదీశాను. రెండు వారాల తర్వాత కూడా టైల్ మీద జిగురు లేదు, మచ్చ లేదు. దాని స్థానంలో విడి ముక్క పెట్టాను. ఇలాగే మూడు నెలలకోసారి ఒకటి తీసి చూస్తాను, జిగురు గట్టిపడే సూచన కనిపిస్తే అన్నీ మార్చేస్తాను.

ఇంకా సజ్జ మిగిలింది. అక్కడి అట్టపెట్టెలు, పాత కుక్కరు కనబడకుండా ఇంకో రాడ్డు వెయ్యాలి. వెడల్పు ఏడడుగులు, అంత పొడవుకి స్ప్రింగు రాడ్డు మధ్యలో వంగుతుందని అనుమానం. ముందు తేలికైన గుడ్డ వేసి వారం చూసి, తర్వాత శ్రావణంలో చీర ఇంకో ముక్క కుట్టిస్తాను.